ఇంట్లో ఒకళ్ళకి వైరస్ జ్వరం వస్తే మిగతావాళ్ళకి అంటకుండా ఏం చెయ్యాలి - విశాఖలో 31 ఏళ్ళు నర్సుగా చేసినదాన్ని చెప్తున్నాను

అమ్మా, మీ ప్రశ్న మొత్తం చదివాను. ఎంవీపీ కాలనీలో రెండు బెడ్రూముల ఫ్లాటు, అత్తగారికి 74 ఏళ్ళు, షుగరు, మీ ఆయనకి పోర్టులో షిఫ్టు డ్యూటీ, బాబు ఆరో క్లాసు. మళ్ళీ వైరస్ కేసులని వార్తల్లో వస్తుంటే ఇంట్లో అందరికీ కంగారు. కూరగాయలు దేంట్లో కడగాలి, బ్లీచింగ్ ఎంత కలపాలి, మీ ఆయన డ్యూటీ నుంచి రాగానే బట్టలు వేడినీళ్ళలో వెయ్యాలా, పనమ్మాయిని మానిపించాలా, ఇవీ మీరు అడిగిన నాలుగూ. నాలుగింటికీ జవాబు చెప్తాను గానీ ముందు ఒక మాట. ఈ నాలుగూ వస్తువుల గురించీ మనుషుల గురించే తప్ప ఒక్కటీ గాలి గురించి లేదు. మా ఇంట్లో 2020లో మేం చేసిన తప్పు సరిగ్గా అదే, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నేను ఇక్కడే ఒక పెద్దాసుపత్రిలో 31 ఏళ్ళు పనిచేశాను, ఆఖరి తొమ్మిదేళ్ళూ ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుని. అంటే వార్డుల్లో ఒక పేషెంటు జబ్బు ఇంకొకళ్ళకి పోకుండా చూడ్డమే నా ఉద్యోగం. అలాంటిది, కోవిడ్ డ్యూటీ చేసి ఇంటికొచ్చి మెట్ల దగ్గరే చెప్పులు వదిలి, బట్టలు బకెట్లో ముంచి, తలస్నానం చేసి గానీ ఎవర్నీ ముట్టుకునేదాన్ని కాదు. పాలపేకెట్టు సబ్బుతో కడగడం, కూరగాయలు ఉప్పునీళ్ళలో గంట నానబెట్టడం, పేపరు మానెయ్యడం, అన్నీ చేశాం. మా అత్తగారికి మడి అలవాటు కాబట్టి ఆవిడకి ఇదంతా చక్కగా వంటబట్టింది, నాకంటే ఆవిడే గట్టిగా పాటించేవారు. ఆ జూలై 31 శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఎవర్నీ పిలవొద్దు అనుకుంటూనే, కింద ఫ్లోరువాళ్ళు, మా తోడికోడలు, ఆవిడ అక్క, మొత్తం ఆరుగురిని వాయనానికి పిలిచాం. వచ్చినవాళ్ళు చేతులకి శానిటైజర్ రాసుకున్నారు, కాళ్ళు కడుక్కున్నారు. ఉక్కపోత భరించలేక హాల్లో ఏసీ వేశాం, కిటికీలు మూసేశాం, గంటన్నర కూచుని కబుర్లు చెప్పుకున్నారు, శనగలు తినేటప్పుడు మాస్కులు ఎలాగూ కిందకే ఉంటాయి కదా. మర్నాడు ఆ ఆరుగురిలో ఒకావిడకి జ్వరం వచ్చింది. ఆ రోజు ఆవిడకి తుమ్ము కూడా లేదు, ఆవిడ తప్పు ఇందులో ఏమీ లేదు. ఐదో రోజుకి మా అత్తగారికి, ఆరో రోజుకి మా అబ్బాయికి, తర్వాత నాకూ. అత్తగారు 11 రోజులు ఆక్సిజన్ మీద ఉండి దేవుడి దయవల్ల ఇంటికొచ్చారు. మా తోడికోడలి అక్క రాలేదు.

ఆరోజు మేం కడగని వస్తువు లేదు. కిటికీ ఒక్కటీ తియ్యలేదు.

అప్పట్లో అందరం వస్తువుల మీద ఎందుకు పడ్డామంటే, 2020 మార్చిలో ఒక ల్యాబ్ పరీక్ష బాగా వార్తల్లోకి వచ్చింది, స్టీలు మీద ప్లాస్టిక్ మీద వైరస్ 72 గంటల దాకా దొరికిందని, అట్ట మీద 24 గంటలని. దొరకడం నిజమే, కానీ అది ల్యాబులో కావాలని పెద్ద మోతాదులో వేసి చూసింది, పైగా గంటగంటకీ తగ్గిపోతూనే ఉంటుంది. సంవత్సరం తర్వాత, 2021 ఏప్రిల్లో, అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీవాళ్ళు లెక్క కట్టి చెప్పింది ఏంటంటే వైరస్ ఉన్న వస్తువుని ఒకసారి ముట్టుకుంటే కోవిడ్ అంటుకునే అవకాశం పదివేలల్లో ఒకటి కన్నా తక్కువ అని. అదే నెలాఖరికి ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా గాలాడని గదుల్లో, జనం ఎక్కువసేపు ఉండేచోట గాలి ద్వారా వ్యాపిస్తుందని తన వివరణలో మార్చి రాసింది. అప్పటికి మనం ఏడాదిపాటు పాలపేకెట్లు తోముతూనే ఉన్నాం.

అయితే ఒక జాగ్రత్త, వైరస్ మారితే ఈ లెక్కలూ మారతాయి. పిల్లలకి వాంతులు విరేచనాలు తెచ్చే రోటా, నోరో లాంటి వైరస్‌లు చేతుల ద్వారా, గిన్నెల ద్వారా బాగా అంటుకుంటాయి, ముఖ్యంగా నోరోకి శానిటైజర్ కూడా అంతగా పనిచెయ్యదు, సబ్బూ నీళ్ళే గతి. జలుబు, దగ్గు, జ్వరంతో వచ్చే ఫ్లూ, కోవిడ్ లాంటివాటికి మాత్రం గాలి సంగతి ముందు చూడండి. మీరు అడిగింది వీటి గురించే కాబట్టి అదే చెప్తాను.

ఇప్పుడు ఒక పని చెయ్యండి. మీ ఇంట్లో ఎవరికైనా వస్తే ఏ గది ఇస్తారో ముందే అనుకోండి, బాత్రూం లోపలే ఉన్న గది అయితే మంచిది. ఆ గది తలుపు ఒక బెత్తెడు తీసి, గడప దగ్గర ఒక అగరబత్తి వెలిగించి పట్టుకోండి. హాల్లో ఫ్యాను ఆపెయ్యండి, గదిలో ఫ్యాను కూడా ఆపండి. ఒక్క నిమిషం కదలకుండా పొగ ఎటు పోతోందో చూడండి. పొగ హాల్లోంచి గదిలోకి లాక్కుంటే మంచిది. గదిలోంచి మీ మొహం మీదకి వస్తోందీ అంటే, రేపు ఆ గదిలో పడుకున్న మనిషి ఊపిరి కూడా అలాగే హాల్లోకి వస్తుందన్నమాట. మన ఊళ్ళో ఇది పగలు ఒకలా రాత్రి ఒకలా ఉంటుంది, ఎందుకంటే పొద్దెక్కిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా సముద్రం వైపు నుంచి గాలి వస్తుంది, రాత్రి ఒడ్డు మీంచి సముద్రం వైపు పోతుంది. అందుకని రెండుపూటలా చూడాలి. మా ఫ్లాటులో పగలు సముద్రపు గాలి నేరుగా పేషెంటు గదిలోకి కొట్టి అక్కణ్ణుంచి హాల్లోకి వచ్చేది, బాగా గాలాడే గది కదా అని మా అత్తగారికి అదే ఇచ్చాం, అది రెండో తప్పు.

పొగ తప్పు వైపు వస్తే సరిచెయ్యడం కష్టమేం కాదు. బాత్రూంలో ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే రాత్రీ పగలూ ఆన్‌లోనే ఉంచండి, బాత్రూం తలుపు కొంచెం తీసి ఉంచండి, గది తలుపు కింద సందులో తువ్వాలు చుట్టి పెట్టండి. ఎగ్జాస్ట్ లేకపోతే టేబుల్ ఫ్యాను కిటికీ దగ్గర బయటికి తిప్పి పెట్టండి, అంటే ఫ్యాను మొహం రోడ్డు వైపు, వీపు పేషెంటు వైపు. గాలి ఎదురు కొట్టే కిటికీలో మాత్రం పెట్టకండి, అది నెగ్గదు, పక్క కిటికీ చూసుకోండి. హాల్లో కిటికీలు బార్లా తీసి ఉంచండి. తర్వాత మళ్ళీ అగరబత్తి పెట్టి చూడండి, పొగ తిరిగిందో లేదో తెలుస్తుంది. ఆసుపత్రుల్లో లక్షలు పెట్టి కట్టే ఐసోలేషన్ గదుల్లో జరిగేది కూడా ఇదే, గాలి బయటి వరండాలోంచి లోపలికే పోవాలి, లోపల్నుంచి వరండాలోకి రాకూడదు.

కిటికీలు ఎంతసేపు తీసి ఉంచాలి అని అడుగుతారు. గదిలో గాలి గంటకి ఆరుసార్లు పూర్తిగా మారితే, గాల్లో తేలే వైరస్ తుంపర్లలో 99 శాతం పోడానికి 46 నిమిషాలు పడుతుంది. గంటకి రెండుసార్లే మారితే 138 నిమిషాలు. మూసేసి ఏసీ వేసుకున్న గదిలో దాదాపుగా మారదు, స్ప్లిట్ ఏసీ బయటిగాలి తీసుకోదు, ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది, ఇది చాలామందికి తెలీదు. మే నెల ఉక్కలో ఏసీ లేకుండా కష్టమే, నాకూ తెలుసు, వేసుకోండి గానీ కిటికీ రెండంగుళాలు తీసి ఉంచండి, కరెంటు బిల్లు ఎక్కువొస్తుంది, రానివ్వండి.

ఒకే గది ఉన్నవాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి వాళ్ళకీ చెప్తున్నాను. కంచరపాలెం, అల్లిపురం వైపు ఒక్క గదీ వంటిల్లూ ఉన్న పోర్షన్లలో నలుగురు ఐదుగురు ఉంటారు, వాళ్ళకి అటాచ్డ్ బాత్రూం అంటే ఏం లాభం. జ్వరం వచ్చినవాళ్ళని గాలి బయటికిపోయే కిటికీ దగ్గర పడుకోబెట్టండి, మిగతావాళ్ళు గాలి వచ్చే ద్వారం వైపు, వీలైతే వరండాలో, మేడ మీద. ఇంట్లో అందరూ మాస్కు పెట్టుకోండి, తిండి మాత్రం ఒకేసారి కూచుని తినకండి, జబ్బు మనిషి తిన్నాక అరగంట ఆగి తినండి. బాత్రూం ఉమ్మడి అయితే జబ్బు మనిషి అందరికంటే ఆఖర్న వెళ్ళాలి, వచ్చేముందు కమోడ్ మూత వేసి ఫ్లష్ చెయ్యాలి, కిటికీ తీసి రావాలి. చూసుకునేవాళ్ళు ఒక్కళ్ళే ఉండాలి, ఆ ఒక్కళ్ళూ అరవై దాటినవాళ్ళు కాకూడదు. మీ ఇంట్లో మీ అత్తగారు "నా కొడుకుని నేను చూసుకోనా" అంటారు, అక్కడ గట్టిగా ఉండాల్సింది మీరే.

మాస్కుల గురించి. సేవ చేసేవాళ్ళకి ఎన్95, జబ్బు మనిషికి కనీసం మూడు పొరల సర్జికల్. ఎన్95 ని ఉతక్కండి, ఎండలో ఆరెయ్యకండి, శానిటైజర్ కొట్టకండి, దాని లోపలి పొరకి ఉండే విద్యుత్ ఛార్జే సన్నటి కణాల్ని పట్టేది, తడిస్తే, స్పిరిట్ తగిలితే అది పోతుంది. అందరం చేసినట్టు ఐదు మాస్కులు కొని ఐదు కాగితం సంచుల్లో వారాల పేర్లు రాసి పెట్టుకోండి, సోమవారానిది మళ్ళీ శనివారమే తియ్యడం. ముందు గుండ్రంగా బిళ్ళలా వాల్వు ఉన్నవి కొనకండి, లోపలి ఊపిరి నేరుగా బయటికి పోతుంది, 2020 జూలైలో కేంద్ర ఆరోగ్య శాఖవాళ్ళే వద్దన్నారు. పెట్టుకున్నాక రెండు చేతులూ మాస్కు చుట్టూ పెట్టి గట్టిగా ఊదండి, కళ్ళజోడు మసకబారితే ముక్కు దగ్గర నొక్కడం సరిపోలేదని అర్థం.

చేతులు. సబ్బు ఏదైనా పర్లేదు, బట్టల సబ్బైనా సరే. ఈ వైరస్ పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని విప్పేస్తుంది, వైరస్ అక్కడికక్కడే చెడిపోతుంది. 20 సెకన్లు అంటారు కదా, అసలు సమస్య సెకన్లు కాదు. మా కొత్త స్టాఫుకి నేను ఒక పరీక్ష పెట్టేదాన్ని. కళ్ళకి గుడ్డ కట్టి, అరచేతిలో సబ్బు బదులు నీళ్ళలో కలిపిన నల్లటి పోస్టర్ రంగు పోసి, రోజూ కడుక్కునేట్టే కడుక్కోమనేదాన్ని. గుడ్డ విప్పితే అరచేతులు నల్లగా నిగనిగలాడుతూ ఉండేవి, కానీ బొటనవేలు చుట్టూ తెల్లగానే, వేళ్ళ కొనలు తెల్లగానే, కుడిచేతి వాటం ఉన్నవాళ్ళకి కుడిచెయ్యి వెనక భాగం సగం తెల్లగానే. మనం కళ్ళు నలుపుకునేది, ముక్కు గీరుకునేది ఆ వేళ్ళ కొనలతోనే. మీ బాబుకి ఇది వాటర్ కలర్స్‌తో చేసి చూపించండి, వందసార్లు చెప్పడం కంటే పనిచేస్తుంది. శానిటైజర్ బయట ఉన్నప్పుడు మాత్రమే, ఆల్కహాల్ 60 శాతం పైన ఉన్నది చూసి కొనండి, కొన్నది అన్నం గిన్నెల అలమరలో కాకుండా పొయ్యికి దూరంగా, పిల్లాడికి అందకుండా పెట్టండి.

కూరగాయలు మామూలు కుళాయి నీళ్ళతో రుద్ది కడగండి, చాలు. సబ్బు, డెట్టాల్, బ్లీచింగ్ ఏవీ వద్దు, అవి కడుపులోకి పోతే మంచిది కాదు. రైతు బజారులో మీకు ముప్పు వంకాయ మీద లేదు, మీ భుజం మీంచి వంగి బేరం చేసే మనిషి దగ్గరుంది. 2020లో రైతు బజార్లని గ్రౌండ్లలోకి మార్చి ఎడంగా పెట్టించారు చూశారా, అది మంచి పని. మనుషుల మీద మందు కొట్టే సొరంగాలు కూడా కొన్నిచోట్ల పెట్టారు, అది మాత్రం ఒంటికి చెరుపే తప్ప ఉపయోగం లేదు, ఆ ఏప్రిల్ 18నే కేంద్రం మనుషుల మీద కొట్టొద్దని చెప్పింది. పొద్దున్నే రద్దీ లేని వేళ వెళ్ళి చీటీ ప్రకారం తీసుకుని వచ్చెయ్యండి. చేపలు తెచ్చే ఆవిడని గుమ్మం బయటే కూచోబెట్టి కోయించుకోండి, ఎప్పుడూ చేసేదే కదా.

బ్లీచింగ్ సంగతి జాగ్రత్తగా చదవండి. ఇంట్లో రోజూ అవసరం లేదు, సబ్బునీళ్ళతో తుడిస్తే సరిపోతుంది. జబ్బు మనిషి వాడిన బాత్రూం, తలుపు గడియలు, స్విచ్చులకి మాత్రం కావాలంటే 0.1 శాతం ద్రావణం చాలు. షాపులో దొరికే 5 శాతం హైపోక్లోరైట్ (నీళ్ళలా ఉండే బ్లీచ్) అయితే లీటరు నీళ్ళకి 20 మిల్లీలీటర్లు. పొడి అయితే లీటరుకి సుమారు 3 గ్రాములు, అదీ గాలి చొరబడని డబ్బాలో ఉన్న తాజా పొడి. మన ఊరి తేమకి మూత తీసి వదిలేసిన బ్లీచింగ్ పొడి కొన్ని వారాల్లోనే సత్తువ పోయి వట్టి సున్నంలా అయిపోతుంది. ఏరోజుది ఆరోజే కలుపుకుని, ముందు మురికి కడిగేసి, తర్వాత రాసి పది నిమిషాలు ఉంచి తుడవాలి. స్విచ్చుల మీద పొయ్యకూడదు, గుడ్డ తడిపి పిండి తుడవాలి. బ్లీచింగ్‌లో బాత్రూం యాసిడ్ కలపొద్దు, కలపొద్దు, కలపొద్దు. మా పక్క వీధిలో ఒకావిడ రెండూ కలిపితే డబుల్ పవర్ అనుకుని చిన్న బాత్రూంలో తలుపేసుకుని తోమింది, రెండు నిమిషాల్లో క్లోరిన్ గ్యాస్ పట్టేసింది, ఊపిరాడక బయటికొచ్చి పడిపోతే నేనే ఆటోలో తీసుకెళ్ళాను. వారం దాకా ఆ దగ్గు తగ్గలేదు ఆవిడకి.

బట్టలు మామూలుగా ఉతికి ఎండలో ఆరెయ్యండి, వేడినీళ్ళు అక్కర్లేదు. జబ్బు మనిషి దుప్పట్లు దులపకుండా నేరుగా బకెట్లో వెయ్యండి, అంతే. మీ ఆయన డ్యూటీ బట్టల కంటే ఆయన డ్యూటీలో భోజనం ఎక్కడ చేస్తారో అడగండి. షిఫ్టుల్లో పనిచేసేవాళ్ళు పని దగ్గర మాస్కు పెట్టుకునే ఉంటారు, క్యాంటీన్‌లో నలుగురూ కారేజీలు విప్పి ఎదురెదురుగా కూచుంటారు, అరగంట మాస్కు లేకుండా కబుర్లు. అక్కడే పట్టుకునేది. కారేజీ పట్టుకుని చెట్టుకిందకి పొమ్మనండి. బస్సులో అద్దాలు తియ్యమనండి, వాన వచ్చినా కొంచెం తీసి ఉంచమనండి. కొంచెం గొంతు గరగర, ఒళ్ళునొప్పులు అనిపించిన రోజే సెలవు పెట్టాలి, ఎందుకంటే లక్షణాలు మొదలవడానికి ఒకటి రెండు రోజుల ముందూ, మొదలైన మొదటి రెండు మూడు రోజులూ అంటించే శక్తి ఎక్కువ. చాలామంది "చూద్దాం, తగ్గకపోతే రేపు" అని ఆ రోజులే డ్యూటీకి పోతారు, జీతం కోత భయం, ఆ భయం నాకు అర్థమవుతుంది, అయినా చెప్తున్నాను.

పనమ్మాయిని మానిపించొద్దు. ఆవిడ నాలుగిళ్ళు తిరుగుతుంది కాబట్టి మీ నుంచి ఆవిడకి ముప్పు ఎంతో ఆవిడ నుంచి మీకూ అంతే. ఒక మంచి మాస్కు మీరే కొనివ్వండి, ఆవిడ పనిచేసే గంటా తలుపులు కిటికీలు తీసి, మీ అత్తగారిని బాల్కనీలో కూచోబెట్టండి. మీ ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే ఆవిడకి చెప్పండి, దాచకండి, పదిరోజులు సెలవిచ్చి జీతం మొత్తం ఇవ్వండి. జీతం కట్ అవుతుందంటే రేపు ఆవిడకి జ్వరం వచ్చినా మీకు చెప్పకుండా వస్తుంది, ఇది నేను చాలా ఇళ్ళల్లో చూశాను.

ఇంక మీ అత్తగారు. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే, వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఒకటి ఇప్పుడే కొని ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆవిడ నెంబరు ఎంతుంటుందో రాసి పెట్టుకోండి. గోళ్ళకి గోరింటాకు, రంగు లేని వేలికి పెట్టాలి, చెయ్యి చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచాలి, ఐదు నిమిషాలు కూచున్నాక పెట్టి, అంకె నిలకడగా ఆగేదాకా చూడాలి. మన ఛాయ ఉన్నవాళ్ళకి ఆ మెషిను ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపించవచ్చు, కాబట్టి 94 వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండకండి. జ్వరం ఉన్నప్పుడు గదిలోనే ఆరు నిమిషాలు మెల్లగా నడిపించి మళ్ళీ చూడండి, మూడు నాలుగు పాయింట్లు పడిపోతోందంటే డాక్టరుకి చెప్పాలి. 94 కన్నా తగ్గితే, ఆయాసం వస్తే, మాట తడబడి మగతగా ఉంటే, ఇంట్లో కషాయాలు పెట్టుకుంటూ కూచోకుండా 108 కి ఫోన్ చెయ్యండి.

కర్పూరం, వాము, లవంగాలు మూటకట్టి వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని 2021లో ఫోన్లన్నిట్లో తిరిగింది, పెరగదు, కర్పూరం చిన్నపిల్లలకి విషం కూడా. ఆవిరి పడితే ముక్కుదిబ్బడ కాస్త తేలికపడుతుంది, వైరస్ చావదు, మరిగే గిన్నె మీద దుప్పటి కప్పుకుని కాళ్ళ మీద ఒలకబోసుకున్న వాళ్ళకి నేను కట్లు కట్టాను. అల్లం, మిరియాల కషాయం గొంతుకి హాయిగా ఉంటే తాగనివ్వండి. కానీ పక్కింటివాళ్ళ పాత చీటీ చూసి మెడికల్ షాపులో స్టిరాయిడ్ మాత్రలు మాత్రం తేకండి. 2020 జూన్‌లో బ్రిటన్‌లో చేసిన పెద్ద పరీక్షలో డెక్సామెథజోన్ అనే స్టిరాయిడ్ ఆక్సిజన్ అవసరమైనవాళ్ళ ప్రాణాలు కాపాడింది, అవసరం లేనివాళ్ళకి లాభం కనిపించలేదు. షుగరున్న మనిషికి మొదటి మూడు రోజుల్లోనే అది వేస్తే షుగరు ఎక్కడికో పోతుంది, 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినవాళ్ళలో చాలామంది కథ ఇదే. ఆ ఏప్రిల్ 22న మన స్టీల్ ప్లాంట్‌లో ఆక్సిజన్ నింపుకుని మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు మహారాష్ట్రకి వెళ్ళింది, గుర్తుందా. మా వార్డులో ఆ నెలంతా సిలిండరు అంకె చూస్తూనే నిద్రలేకుండా గడిపాం. ఆ రోజులు చూశాను కాబట్టే ఇంట్లో ఆక్సీమీటర్ పెట్టుకుని తొందరగా బయల్దేరమని ఇంత బతిమాలుతున్నాను.

చెత్త గురించి మీరు అడగలేదు గానీ చెప్తాను. జబ్బు మనిషి వాడిన మాస్కులు రెండుగా కత్తిరించి, కాగితం సంచిలో వేసి మూడు రోజులు పక్కన పెట్టి అప్పుడు చెత్త బండిలో వెయ్యండి. జీవీఎంసీ (మన నగర కార్పొరేషన్) బండి మీద వచ్చే అమ్మాయి వట్టి చేతులతో మన చెత్త విడదీస్తుంది.

ఈరోజు రాత్రి ఒకసారి, రేపు మధ్యాహ్నం ఒకసారి ఆ అగరబత్తి పెట్టి చూడండి. పొగ ఎటు పోయిందో, ఏ గదికి ఎన్ని కిటికీలున్నాయో, ఎగ్జాస్ట్ ఎక్కడుందో రాయండి, ఫ్యాను ఏ కిటికీలో పెట్టాలో చూసి చెప్తాను.